రాగి తోక, గోధుమ తోక

నేను హమ్మింగ్‌బర్డ్‌ని ఎప్పుడూ చూడలేదు. ఇకమీదట చూస్తానన్న ఆశ కూడా లేదు. అయినా ఉద్యోగ జీవితంలో చివరి రోజులు వాటిని జాతులవారీగా వేరు చేయడంలోనే గడిపాను. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఒక ఐదో అంతస్తులో, ఏసీ చలికి శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. నాతోబాటు ఇంకో డజను మంది తెలుగువాళ్లు ఇదే పని చేసేవారు. వాళ్లూ ఆ పిట్టని చూడలేదు, మా మేనేజరూ చూడలేదు. మీలో ఇప్పుడు ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు ఉంటారు. కంప్యూటర్‌కి ప్రపంచాన్ని నేర్పే పని అని చేరిన మొదటి రోజు గొప్పగా చెబుతారు. మాకూ అలాగే చెప్పారు. అందుకే ఇది రాస్తున్నాను, ధైర్యం చెప్పడానికి మాత్రం కాదు. అది నా దగ్గర పెద్దగా మిగల్లేదు.

ముందు ఒక చిన్న విషయం సరిచేయాలి. బాల్కనీలో మందారం కుండీ దగ్గర రెక్కలాడిస్తూ కనబడే బుల్లి పిట్టని ఫొటో తీసి, హమ్మింగ్‌బర్డ్ అని స్టేటస్ పెడతారు చూడండి, అది హమ్మింగ్‌బర్డ్ కాదు, తేనెపిట్ట. హమ్మింగ్‌బర్డ్‌లు అమెరికా ఖండాల్లో తప్ప మరెక్కడా లేవు. రెండూ పూలలో తేనె తాగుతాయి, రెండూ తళతళలాడతాయి, అంతకుమించి చుట్టరికం లేదు. ఇక్కడే బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు జీవశాస్త్రం చెప్పాను కాబట్టి ఈ చాదస్తం నన్ను వదలదు. వయసైపోయిందని బడివాళ్లు శాలువా కప్పి మర్యాదగా సాగనంపాక, పాత విద్యార్థిని ఒకమ్మాయి మాట సాయంతో ఈ కంపెనీలో చేరాను. ఇందాక చెప్పిన శాలువా అదే.

మా పని ఇదీ. విదేశంలో ఒక క్లయింటు ఉన్నాడు. ఎవరైనా పిట్ట ఫొటో తీసి ఫోన్‌లో పెడితే దాని పేరు చెప్పే యంత్రాన్ని తయారు చేస్తున్నాడు. ఆ యంత్రం నేర్చుకోవాలంటే ముందు మనుషులు వేల ఫొటోలు చూసి, ఇది ఫలానా, అది ఫలానా అని చెప్పాలి. వాళ్ల దేశంలో మనుషులు ఖరీదు కాబట్టి ఫొటోలు మా దగ్గరకు వచ్చాయి.

మాకు వచ్చిన గుంపు కూడా మామూలు గుంపు కాదు. శాస్త్రనామంలో కూడా మన తెలుగువాళ్లలాగే ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక ఉంటుంది. పచ్చటి వీపు, ఓ మోస్తరు ముక్కు ఉన్న చాలా హమ్మింగ్‌బర్డ్‌లకు చాలాకాలంపాటు పండితులు అమజీలియా అని ఒకే ఇంటిపేరు పెట్టారు. తర్వాత వాటి జన్యువులు పోల్చి చూస్తే, పోలికే తప్ప వాటిలో చాలావాటికి దగ్గరి రక్తసంబంధం లేదని తేలింది. దాంతో ఆ ఉమ్మడి కుటుంబం విడిపోయింది. కొన్ని పాత ఇంటిపేరుతోనే ఉండిపోయాయి, కొన్ని కొత్త ఇంటిపేర్లతో వేరు కాపురాలు పెట్టాయి. క్లయింటు దగ్గరున్న పాత ఫొటోలన్నీ పాత లెక్కలో ఉన్నాయి. వాటిని మళ్లీ మొదటినుంచీ వేరు చేయాలి. నాకు నచ్చిన పని. పిల్లలకు బోర్డు మీద చెప్పిన వర్గీకరణ ఇన్నాళ్లకు చేత్తో చేస్తున్నానని మురిసిపోయాను కూడా.

మా గుంపులో పేటాయన అని ఒకాయన ఉండేవాడు. పాత బెంగళూరు పేటలో తరాలుగా ఉంటున్న నేత కుటుంబం వాళ్లది, తెలుగే మాట్లాడతారు. ఇంట్లో పవర్‌లూమ్‌లు మూలపడి, చివరికి పాత ఇనుముకు పోయాక, యాభై దాటిన వయసులో ఆయన మా కంపెనీకి వచ్చాడు. అప్పట్లో మేం చీరలు వేరు చేసేవాళ్లం. ఆన్‌లైన్లో చీరలమ్మే ఒక దుకాణానికి ఫొటో చూసి రంగు పేరు పెట్టే పని అది. రాణి రంగుకూ మెజెంటాకూ తేడా అడిగితే మిగతావాళ్లం గూగుల్ చూసేవాళ్లం, ఆయన తెర చూసేవాడు. చీరల పని అయిపోగానే ఉన్నపళంగా మమ్మల్ని పిట్టల మీదకు మళ్లించారు.

మొదటి రోజు తెర మీద పిట్టను చూసి పేటాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది అద్దిన రంగు కాదు మేడం. ఈ ఫొటోలో బంగారం మాదిరి ఉండాది, అదే పిట్ట ఆ ఫొటోలో మసి మాదిరి ఉండాది. ఈ నూలు నాకు తెలియదప్పా."

ఆయన చెప్పింది నిజం. ఆ మెరుపు ఈకలో కలిసిన రంగు కాదు, ఈక కట్టుబడి మీద వెలుతురు పడి విరగడం వల్ల వచ్చేది. పిట్ట కాస్త తల తిప్పితే మెడ నల్లబడుతుంది, ఇంకాస్త తిప్పితే నిప్పంటుకున్నట్టు ఉంటుంది. ఆ సంగతి నేను చెబితే ఆయన పసివాడిలా సంతోషపడ్డాడు. నేర్చుకుంటానన్నాడు.

ఆయనకి ఈ పని ఎంత అవసరమో మా అందరికీ తెలుసు. మేమంతా కాంట్రాక్టువాళ్లం, మెళ్లో పసుపు ట్యాగు. ఈ పిట్టల పని మొదటి విడత బాగా జరిగితే క్లయింటు మిగతా పిట్టలన్నీ మాకే ఇస్తాడని, అప్పుడు అందరికీ నీలం ట్యాగు, అంటే పర్మనెంటు, వస్తుందని చెప్పారు. మాలో కుర్రవాళ్లకి ఇది కాకపోతే ఇంకోటి. పేటాయనకి ఇంకోటి లేదు. "మగ్గం పోయినా కండ్లుండాయి మేడం" అనేవాడు, మధ్యాహ్నం క్యారియర్ విప్పుతూ. "ఈ వయసులో నా కండ్లకి జీతం ఇచ్చేవాడు ఇంగెవడుండాడు?" నవ్వుతూనే అనేవాడు గానీ ఆ నవ్వు వెనక భయం ఉండేది.

ఇక పని ఎలా జరిగేదో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఒక్కో ఫొటో ముగ్గురికి వెళ్తుంది. ఎవరి తెర మీద వాళ్లే చూసుకోవాలి, పక్కవాళ్లను అడగకూడదు. ముగ్గురిలో ఇద్దరు చెప్పిందే ఖాయం. మూడోవాడు తప్పు. నిజంగా తప్పా ఒప్పా అని చూసేవాళ్లు లేరు, ఎందుకంటే అది తెలిసినవాళ్లుంటే మాతో పనేముంది? పదేపదే మూడోవాడిగా మిగిలితే నీ స్కోరు పడిపోతుంది. నిజాన్ని ఓట్లేసి తేల్చే పద్ధతి అన్నమాట. బడిలో నేనెప్పుడూ అలా మార్కులు వేయలేదు.

తెర మీద పిట్టల పేర్లు ఉండేవి కావు. ఇంటిపేర్లు మారుతున్న గందరగోళంలో క్లయింటు పేర్లన్నీ తీసేసి అంకెలు పెట్టాడు. ఒకటి నుంచి ఏడు దాకా మీటలు, ఒక్కో జాతికి ఒక మీట. నమూనా ఫొటోలు ఇచ్చారు గానీ, వెలుతురు మారితే రంగే మారే పిట్టకు నమూనా ఏం పనికొస్తుంది? ఒక నమూనాలో చాక్లెట్‌లా ఉన్న తోక ఇంకో నమూనాలో నారింజలా ఉండేది. తల ప్రాణం తోకకొచ్చేది మాకు, అక్షరాలా. అందుకని మొదటి వారంలోనే గదిలో వాడుక పేర్లు పుట్టాయి. మంచు పొట్ట, ఉక్కు తోక, ఇలా. ఎవరు మొదలుపెట్టారో నాకు గుర్తులేదు. నాలుగో మీటది కాపర్ టెయిల్డ్ అనే పిట్ట, దానికి రాగి తోక అని పేరు పడింది. ఐదో మీటది రూఫస్ టెయిల్డ్, అంటే ఎర్ర ఛాయ ఉన్న బ్రౌను తోక. దానికి గోధుమ తోక అని పడింది. ఈ రెండూ ఒకప్పుడు ఒకే ఇంటిపేరువి. కొత్త లెక్కలో గోధుమ తోక పాత ఇంట్లోనే ఉంది, రాగి తోక వేరే ఇంటికి వెళ్లిపోయింది. మొత్తం పనిలో క్లయింటుకు ముఖ్యమైన తేడా ఇదే.

"రాగి తోకైతే నాలుగు, గోధుమ తోకైతే ఐదు" అని అందరూ ఒకటికి పదిసార్లు అనుకున్నారు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. టీ దగ్గర ఒకరు "పొద్దున్నుంచీ అన్నీ రాగులేనండీ నాకు" అంటే ఇంకొకరు "నాకూ రాగే" అని తలూపేవారు. చూస్తే ఎంత ఐకమత్యమో.

నెల తిరక్కుండా స్కోర్లు పడిపోవడం మొదలైంది. మిగతా ఐదు మీటల మీద బాగానే ఉంది. నాలుగు, ఐదు మీటల దగ్గర మా గుంపు నిలువునా చీలిపోయింది. ఆ చీలిక ఎవరెవరి మధ్యో కంపెనీ చూడలేదు. కంపెనీ చూసేది పట్టికలో అట్టడుగున ఎవరున్నారా అని. అట్టడుగున పేటాయన ఉన్నాడు. అందరికంటే నెమ్మదిగా, అందరికంటే శ్రద్ధగా చూసేవాడు కాబట్టి ఆయన పొరపాటున కూడా మెజారిటీ వైపు పడేవాడు కాదన్న సంగతి నాకు తర్వాత అర్థమైంది.

మా మేనేజరు హైదరాబాద్ వాడు, ముప్ఫై ఏళ్లు దాటి ఉండవు. చెడ్డవాడు కాదు. అతని పైన ఉన్నవాళ్లకి అతను జవాబు చెప్పాలి. ఒక మధ్యాహ్నం క్లయింటుతో మాట్లాడి వచ్చి, పేటాయననీ, గుంపులో పెద్దదాన్నని నన్నూ అద్దాల గదిలోకి పిలిచాడు. ఆ గదిలో మాట బయటికి వినబడదు గానీ మొహాలు అందరికీ కనబడతాయి.

"సార్, నేను స్ట్రెయిట్‌గా అడుగుతా, బ్యాడ్‌గా ఫీలవ్వొద్దు" అన్నాడు మేనేజరు. "ఫోర్, ఫైవ్ మీద మీది కంప్లీట్‌గా రివర్స్‌లో ఉంది. ర్యాండమ్‌గా కొట్టినా ఫిఫ్టీ వస్తది కదా. అంటే మీరు చూడకుండా టైంపాస్‌కి కొడుతున్నారా, లేకపోతే ఐసైట్ ప్రాబ్లమా?"

రివర్స్‌లో ఉంది అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. గుడ్డిగా కొట్టేవాడికి కూడా సగం సరిగ్గా వస్తే, అన్నీ తిరగబడి వచ్చేవాడు ఏదో ఒక తేడాను కచ్చితంగా చూస్తున్నట్టే కదా. ఆ మేనేజరు తన నోటితోనే జవాబు చెప్పాడు, మేం ముగ్గురమూ వినిపించుకోలేదు.

పేటాయన మొహం ఎర్రబడింది. "సుమ్నే, ఊరికే కొట్టేవాణ్ణి కాదు సార్. మగ్గం మీద ఒక పోగు తప్పు పోయినా ఇప్పేసి మళ్లీ నేసినోణ్ణి."

"మరి ఐసైటా?"

ఆయన నా వైపు చూశాడు. నేను బల్ల వైపు చూశాను. నిజం చెప్పాలంటే నాకూ కళ్లేనేమో అనిపించింది. దళసరి అద్దాలు, వయసు, ఎన్నో ఏళ్లు దీపాల కింద పని.

మేనేజరు గొంతు తగ్గించాడు. "లుక్ సార్. ఇది వన్ పర్సన్ ఇష్యూ అయితే నేను రీప్లేస్ చేసి క్లయింట్‌కి చెప్పుకుంటా. టీమ్ సేఫ్. కాదంటే మొత్తం టీమ్‌ని రివ్యూలో పెడతారు."

అద్దం అవతల మావాళ్లంతా తెరలు చూస్తున్నట్టు నటిస్తూ మమ్మల్నే చూస్తున్నారు. పేటాయన కూడా వాళ్లను చూశాడు. తర్వాత మెళ్లోంచి పసుపు ట్యాగు తీసి బల్ల మీద పెట్టాడు.

"కండ్లే సార్" అన్నాడు. "కండ్లే పోయినాయి. స్వల్ప దినాలుగా నాకే తెలస్తా ఉండాది. పిల్లోళ్లకి తొందర కావద్దు."

కన్నడంలో తొందర అంటే ఇబ్బంది. మేనేజరుకు ఆ మాట అర్థం కాక ఆయనే తొందరపడుతున్నాడనుకుని, "నో నో, నోటీస్ పీరియడ్ ఉంటది సార్, తొందరేం లేదు" అన్నాడు. ఆ క్షణంలో నవ్వు వచ్చిందంటే నమ్మండి.

ఆయన వెళ్లిపోయాడు. స్కోర్లు మాత్రం పెరగలేదు. ఎందుకు పెరుగుతాయి? అట్టడుగున ఇంకొకరు తేలారు, తర్వాత మరొకరు. ఇద్దరూ వెళ్లిపోయారు. ఇద్దరిదీ బెంగళూరే. అయినా నా బుర్రకు తట్టలేదు.

ఒకరోజు క్యాంటీన్‌లో అత్తిబెలె నుంచి వచ్చే అమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. తమిళనాడు సరిహద్దు చెక్‌పోస్టు పక్కన పుట్టి పెరిగింది, తెలుగూ కన్నడమూ తమిళమూ ఒకే వాక్యంలో కలిపేస్తుంది. ఆ రోజు ఆమె క్యారియర్‌లో రాగి ముద్ద, సొప్పు సారు అనే ఆకుకూర చారు ఉన్నాయి. ముద్ద వైపు చూసి విసుక్కుంది.

"ఏమక్కా ఇది, ముద్ద చూసినా నాలుగు నొక్కాలనిపిస్తా ఉండాది. దినమంతా ఇదే రంగు చూసి చూసి."

"నాలుగెందుకు? ఆ రంగు ఐదు కదా" అన్నాను, సాంబారు కలుపుకుంటూ.

"ఐదెట్లక్కా? రాగి తోక నాలుగే కదా. ఇది రాగి కాక ఇంగేముండాది?"

పక్క బల్ల దగ్గర మా గుంపులోని గుంటూరు అబ్బాయి మంచినీళ్లు తాగుతున్నాడు. ఆరోగ్యానికి మంచిదని ఈమధ్య ఆఫీసుల్లో అందరూ వాడుతున్నారే, ఆ రాగి సీసాతో. అతన్ని పిలిచి రాగి రంగంటే ఏది అని అడిగాను. వెర్రిదాన్ని చూసినట్టు చూసి సీసా పైకెత్తాడు.

"ఇదేనండీ. దీనికంటే రాగి ఏముంటుంది?"

"అది తామ్ర కదా!" అంది అత్తిబెలె అమ్మాయి.

"మరి గోధుమ రంగో?" అన్నాను.

"బ్రౌనండీ. చిన్నప్పుడు రంగుల పాఠంలో ఉంటుందిగా" అన్నాడు అతను.

"బ్రౌనా? గోధి బణ్ణ అంటే చపాతీ పిండి మాదిరి కదా అక్కా, తెల్లగా, స్వల్ప మెరస్తాది. పెండ్లిచూపుల్లో పిల్ల గోధి బణ్ణ అనరా? బ్రౌనుగా ఉండే పిల్లని అట్లంటారా?"

అక్కడికక్కడే అంతా తేటతెల్లమైపోయింది. మా ఆంధ్ర వైపు ధాన్యాన్ని రాగులంటాం, చోళ్లంటాం. ఒట్టి రాగి అన్నామంటే అది లోహమే. గోధుమ రంగంటే బడిలో నేర్చుకున్న బ్రౌను. మా గుంపులో తక్కువమందే ఉన్న బెంగళూరు తెలుగువాళ్లకు రాగి అంటే పొద్దునా సాయంత్రం కంచంలో కనబడే ముద్ద, ఎర్ర ఛాయ ఉన్న ముదురు రంగు. గోధుమ అంటే గోధుమే, లేత మెరుపు. మాకు రెండూ రంగులు, వాళ్లకు రెండూ ధాన్యాలు. కాబట్టి బ్రౌను తోక కనబడితే మేం గోధుమ అని ఐదు నొక్కాం, వాళ్లు రాగి అని నాలుగు నొక్కారు. లోహంలా మెరిసే తోక కనబడితే మేం నాలుగు నొక్కాం, వాళ్లు ఐదు నొక్కారు. ఎవరి కళ్లూ చెడలేదు. అందరం ఒకే పిట్టను ఒకేలా చూశాం. ఒకే భాషలో చెప్పుకున్నాం కూడా. పరాయి భాష అయితే ఎవరో ఒకరు అర్థం అడిగి ఉండేవారు. తెలుగు కాబట్టి ఎవరూ అడగలేదు.

నేను అన్నం వదిలేసి మేనేజరు దగ్గరికి పరిగెత్తాను. ఈ వయసులో పరిగెత్తడమంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. అంతా చెప్పి, దీన్ని సరిదిద్దడం చాలా తేలిక అన్నాను. బెంగళూరువాళ్లు నొక్కినవాటిలో నాలుగుని ఐదు, ఐదుని నాలుగు చేస్తే చాలు, అన్నీ సరిపోతాయి. పేటాయనవి కూడా అందరిలాగే సరిపోతాయి. ఆయన్ని వెనక్కి పిలవొచ్చు.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"సూపర్ ఫైండింగ్ మేడం. నిజంగా. బట్ ఎవరు ఏది కొట్టారో ఇప్పుడు తెల్వదు. కాంట్రాక్ట్ ఎండ్ అయినోళ్ల ఐడీలు సిస్టమ్ మాస్క్ చేసేస్తది. పాలసీ అది. ఉన్నోళ్లవి మార్చొచ్చు, పోయినోళ్లవి ఎట్లా?"

"క్లయింటుకు చెప్పి చూడండి."

చెప్పాడు. ఆ మాట మాత్రం అతని వైపు నుంచి ఒప్పుకోవాలి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరీ చెప్పాడు. రాగి అనే మాటకు రెండు అర్థాలని ఒక తెల్లాయనకి ఇంగ్లీషులో వివరించడం ఎప్పుడైనా చేశారా? ఆయన ఓపికగా విన్నాడు, చాలా ఆసక్తిగా ఉందన్నాడు, థాంక్స్ చెప్పాడు. ఆ వారంలోనే పని మా దగ్గర నుంచి తీసేసి ఇంకో దేశంలో ఇంకెవరికో ఇచ్చారు. మేం చేసినదంతా పక్కన పడేశారని కొందరంటారు, యంత్రంలో కలిపేశారని కొందరంటారు. కలిపేసి ఉంటే, ఎక్కడో అడవిలో ఎవరో ఫొటో తీసిన పిట్టకు మా గది తగువు ఇంకా తప్పు ఇంటిపేరు పెడుతూ ఉంటుంది. ఆ పిట్టకు వచ్చే నష్టం ఏమీ లేదు. నష్టపోయినవాళ్లు వేరే ఉన్నారు. నీలం ట్యాగు ఎవరికీ రాలేదు. గుంపు చెదిరిపోయింది. నా ఉద్యోగ జీవితం కూడా అక్కడితో ముగిసింది. ఈసారి శాలువా కూడా లేదు.

పేటాయనకి ఫోన్‌లో చెప్పడం ఇష్టంలేక, ఒక ఆదివారం పొద్దున పేటకి వెళ్లాను. దారిలో నాకు సంతోషంగానే ఉంది. ఉద్యోగం ఇవ్వలేకపోయినా ఆయన కళ్లు ఆయనకి తిరిగి ఇచ్చి వస్తాననుకున్నాను. వాళ్ల సందులో ఒక ఇంట్లోంచి ఇంకా మగ్గం చప్పుడు వస్తోంది. ఆయన భార్య తలుపు తీసి, నన్ను చూడగానే ఆయనకి వినబడకుండా చెప్పుకుంది.

"మ్యాచింగ్ సెంటర్ అంగడాయన రెండుమాట్లు ఇంటికొచ్చి అడిగిపోయినాడు మేడం. చీర పెడితే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీసిచ్చేది, అంతే పని. ఈయన పోనంటాడు. కంటి డాక్టరు ఏమీ లేదన్నా నమ్మడు. మీరైనా చెప్పండి."

లోపల ఆయన చాప మీద కూర్చుని ఉన్నాడు. ఏమీ చేయడం లేదు. అంతకుముందు ఆ మనిషిని ఏమీ చేయకుండా నేనెప్పుడూ చూడలేదు. కాఫీ వచ్చాక మొత్తం కథ చెప్పాను. ముద్ద, సీసా, చపాతీ పిండి అన్నీ. ఆయన వింటూ వింటూ పెద్దగా నవ్వాడు.

"రాగి అంటే మీకు చెంబా! అయ్యో, అట్లనా! మేం తామ్రం చెంబు అంటాం కదప్పా!" భార్యను పిలిచి మళ్లీ చెప్పి మళ్లీ నవ్వాడు. నాకు గుండె తేలికైపోయింది. ఆమె కళ్లొత్తుకుంటూ, "అయితే రేపు అంగడికి పోతావా?" అంది.

ఆయన నవ్వు మెల్లగా ఆగిపోయింది. కాఫీ లోటా పక్కన పెట్టాడు.

"నాలుగూ ఐదూ సరే మేడం. మిగతా మీటల్లో నావి సరిగ్గా ఉండినాయా?"

"అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"మీరు చూసినారా?"

నేను తడబడ్డాను. "మీరు వెళ్లిపోయారు కదా, మీ పేరు మీద ఉన్నవి ఇప్పుడు కనబడవు. కానీ..."

"మరి సరిగ్గా ఉండినాయని ఎట్ల చెప్తా ఉండారు?"

ఆయన కోపంగా అడగలేదు, నన్ను ఓదార్చే గొంతుతో అడిగాడు. ఆయన భార్య లేచి లోపలినుంచి జాకెట్టు గుడ్డలు రెండు తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చెప్పు, ఏవి ఇవి?" ఆయన వాటివైపు చూసి, ఒకటి వంగపండు రంగు, ఒకటి నేరేడు రంగు అన్నాడు. రెండూ నాకు ఒకేలా కనబడ్డాయి. ఆమె సరిగ్గా చెప్పావంటే, "ఇవి ఇంట్లో గుడ్డలే, ఎప్పటినుంచో తెలుసు" అని పక్కకు జరిపాడు.

"ఆ దినం సార్ ముందర నేనే చెప్పినా కదా మేడం, కండ్లు పోయినాయని" అన్నాడు తర్వాత. "పిల్లోళ్ల కోసం చెప్పినా. ఉత్తిదే అని నాకు తెలుసు. కానీ మనిషి నోటితో అన్న మాట వాని కండ్లు కూడా ఇంటాయి. అప్పటినుంచి ఏది చూసినా, ఇది నిజంగా అదేనా అని ఒక తూరి అనిపిస్తాది. ఆ అనిపించేదే పోవట్లేదు. ఒకరి పెండ్లి చీరకి తప్పు గుడ్డ ఇచ్చేస్తే ఏం చేసేది?"

ఇంకా ఏదేదో చెప్పాను. డాక్టరు మాట, నా మాట, వాళ్లావిడ మాట. అన్నింటికీ తలూపాడు. ఎదుటివాళ్ల మనసు నొప్పించడం ఇష్టంలేని మనిషి తలూపినట్టు ఊపాడు. మధ్యాహ్నం అవుతుంటే లేచాను. మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆటో ఎక్కిస్తానని చెప్పులు వేసుకున్నాడు. వద్దన్నా వినలేదు.

కూడలి దగ్గర రోడ్డు దాటాలి. ఎదురుగా నడిచేవాళ్ల సిగ్నల్ దీపం, ఎండలో కూడా నిక్షేపంగా కనబడుతోంది. బండ్లన్నీ ఆగాయి. చుట్టూ జనం నడవడం మొదలుపెట్టారు, ఒకరిద్దరు మమ్మల్ని తోసుకుంటూ వెళ్లారు. ఆయన ఆ దీపం వైపే చూస్తూ నిలబడ్డాడు. కదల్లేదు.

"ఇప్పుడు ఏ రంగుండాది మేడం?" అని అడిగాడు.

"పచ్చ" అన్నాను.

అప్పుడు అడుగు వేశాడు.